పాత బండికి ముందు బ్రేకు, ఫోర్కు మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

పాత మోటార్ సైకిల్‌కి డ్రమ్ బదులు డిస్క్ బ్రేకు పెట్టిద్దాం అనుకునేవాళ్లు ఎక్కువగా బ్రేకు గురించే ఆలోచిస్తారు. బ్రేకు పట్టినప్పుడు పుట్టే బలం ఎటు పోతుందో పట్టించుకోరు. క్యాలిపర్ తన ప్యాడ్లతో డిస్కును పట్టగానే ఆ లాగుడంతా ముందు చక్రాన్ని మోసే ఫోర్క్ కాలు మీద పడుతుంది. అక్కణ్నుంచి ఫోర్కును బిగించి ఉంచే బ్రాకెట్లకి, హ్యాండిల్ తిరిగే బేరింగులైన కోన్‌సెట్‌కి, చివరికి ఫ్రేమ్ మెడకి చేరుతుంది. ఇటువైపు హబ్ నుంచి స్పోకుల మీదుగా రిమ్‌కి, టైరుకి వెళ్తుంది. ఈ దారిలో ఏది బలహీనంగా ఉంటే అదే ముందు లొంగుతుంది. కాబట్టి బ్రేకూ ఫోర్కూ కలిపి ఒకే పని అనుకోండి. రెండూ ఒకేసారి కుదరకపోతే మాత్రం ఫోర్కుతోనే మొదలుపెట్టండి.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. బండిని సరిగా ఆపని డ్రమ్ బ్రేకుల్లో చాలావాటికి జబ్బు డిజైన్‌లో ఉండదు, నిర్లక్ష్యంలో ఉంటుంది. డ్రమ్ లోపలి గోడకి రాసుకునే షూ లైనర్ మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి, చక్రం బిగించి, మెల్లగా తిప్పుతూ రెండుమూడుసార్లు బ్రేకు పట్టి మళ్లీ విప్పి చూడండి. గీతలు మధ్యలోనో ఒక అంచునో మాత్రమే చెరిగితే, షూ డ్రమ్‌కి పూర్తిగా ఆనడం లేదన్నమాట. లేత్ మీద షూలను డ్రమ్ కొలతకి చెక్కిస్తే అదే బ్రేకు కొత్తదానిలా పనిచేస్తుంది. కొత్త కేబుల్ వేయండి. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు కేబులుకీ అది లాగే ఆర్మ్‌కీ మధ్య దాదాపు 90 డిగ్రీల కోణం ఉండేలా సర్దండి. షూలను బయటికి నెట్టే కామ్‌లు రెండు ఉన్న ట్విన్ లీడింగ్ డ్రమ్ అయితే రెండు షూలూ ఒకేసారి తగిలేలా మధ్య రాడ్డును సరిచేయాలి. ఆ రకం బ్రేకుకి ఇంకో గుణం ఉంది: ముందుకు వెళ్తున్నప్పుడు ఎంత బాగా పడుతుందో, ఎత్తు మీద ఆగి వెనక్కి జారుతున్నప్పుడు అంత బలహీనంగా ఉంటుంది. అక్కడ వెనక బ్రేకు మీద కాలు తీయకండి.

ఇంత చేసినా పొడవాటి పల్లాల్లో లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే, అప్పుడు డిస్క్ గురించి ఆలోచించడంలో అర్థముంది. వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించి షూలకి దూరంగా జరుగుతుంది, డిస్క్ వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కుతో వచ్చాక డ్రమ్ మెల్లగా వెనక్కి తగ్గడానికి ఇదీ ఒక కారణమే.

పాత డ్రమ్ విప్పేటప్పుడు ఒక్క పని మాత్రం అస్సలు చేయొద్దు: లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం. పాతకాలం లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. మంచి మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఇక ఫోర్కు. బండిని ఇంజిన్ కిందో ఫ్రేమ్ కిందో గట్టిగా నిలబెట్టి, పక్కకి ఒరగకుండా కట్టి, ముందు చక్రం గాల్లో ఉండగానే పని మొదలుపెట్టండి. ఫోర్క్ పైనున్న మూత కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. చివరి మరలు వదిలే క్షణంలో అది తుపాకీ గుండులా పైకి లేస్తుంది. ముఖం పక్కకి పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి, మూతను అరచేత్తో అదిమి పట్టుకుని తిప్పండి. దాన్ని వదులు చేయాల్సింది ఫోర్క్ బండి మీద ఉండగానే. అంతకంటే ముందు పై బ్రాకెట్ బిగింపు బోల్టు సడలించాలి, లేకపోతే అది మూత మరలను నొక్కి పట్టి ఉంచుతుంది.

విప్పిన పైపును చదునైన మందపాటి గాజు మీద దొర్లించండి. ఎక్కడైనా కింద సందు కనపడుతూ, పోతూ ఉంటే పైపు వంగినట్టే. సీల్ జారే చోట గోరుతో గీరి చూడండి. గోరుకి తగిలేంత తుప్పు గుంట ఉంటే కొత్త సీల్ కూడా త్వరగానే చిరుగుతుంది. కారిన ఆయిల్ నేరుగా ప్యాడ్ల మీదకో షూల మీదకో చేరుతుంది. ఆయిల్ తాగిన ప్యాడ్లను కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. నన్నడిగితే పారేయడమే.

లావు పైపుల ఫోర్కు వేయాలనుకుంటే లాభం నిజమే. సీబీ750 ఫోర్క్ పైపు 35 మిల్లీమీటర్లు. అదే నిష్పత్తిలో గోడ మందం ఉన్న 41 మిల్లీమీటర్ల పైపు వంగకుండా నిలబడే బలం దాదాపు రెట్టింపు. కానీ వేరే బండి ఫోర్కు తెస్తే పొడవు, కోన్‌సెట్ సైజు, యాక్సిల్ మందం, బ్రాకెట్ ఆఫ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే ఇరుసుకి ఫోర్కు ఎంత ముందు ఉందో) అన్నీ మారతాయి. ముందు భాగం కిందికి దిగితే ట్రెయిల్ (హ్యాండిల్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు ఆనే చోటుకీ మధ్య దూరం) తగ్గి, వేగంలో హ్యాండిల్ ఊగిసలాడే ప్రమాదం ఉంది. పైకి లేస్తే మలుపుల్లో బండి మొరాయిస్తుంది. స్ప్రింగులు తీసేసి ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, టైరు గానీ మడ్‌గార్డు గానీ కింది బ్రాకెట్‌కో ఎగ్జాస్టుకో తగులుతుందేమో తప్పకుండా చూడండి. ఆ సంగతి రోడ్డు మీద, గుంతలో, బ్రేకు పట్టినప్పుడు తెలియకూడదు.

సన్నటి ఫోర్కుకి ఒకవైపే పెద్ద డిస్కు పెడితే గట్టిగా పట్టినప్పుడల్లా ఫోర్కు మెలితిరిగి బండి ఒకవైపు లాగుతుంది. అలాంటప్పుడు డిస్కు సైజు అదుపులో పెట్టుకోండి. రెండు కాళ్లనూ కలిపే ఫోర్క్ బ్రేస్ కూడా కొంత సాయం చేస్తుంది.

ఎక్కువమంది పొరపడేది మాస్టర్ సిలిండర్ దగ్గర, అంటే లివర్ నొక్కితే ఆయిల్‌ని క్యాలిపర్‌కి నెట్టే భాగం దగ్గర. దొరికిన క్యాలిపర్, దొరికిన మాస్టర్ సిలిండర్ కలిపేస్తారు. లివర్ రాయిలా గట్టిగా ఉంటే బ్రేకు బాగుందనుకుంటారు. నిజానికి తీరు వేరు. 12.7 మిల్లీమీటర్ల పిస్టన్ బదులు 15.9 మిల్లీమీటర్లది పెడితే దాని వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. లివర్ కొద్దిగా కదిలి బిగుసుకుంటుంది, కానీ అదే చేతి బలానికి లైనులో పీడనం మూడో వంతుకి పైగా తగ్గిపోతుంది. రెండు క్యాలిపర్ల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌ని ఒకే చిన్న క్యాలిపర్‌కి కలిపితే జరిగేది ఇదే. మరీ చిన్నది పెడితే లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంది. క్యాలిపర్‌తోపాటు అదే బండి మాస్టర్ సిలిండర్ తీసుకోవడం అన్నిటికన్నా తేలిక.

పాత రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనపడుతూ లోపల ఉబ్బి మూసుకుపోతాయి. అప్పుడు లివర్ వదిలినా ప్యాడ్లు వదలవు. కొత్తవి వేయండి, స్టీలు అల్లికవైతే ఇంకా మంచిది. ప్రతి కలుపు దగ్గరా కొత్త రాగి వాషర్లు వాడండి. క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయొద్దు. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కూడా గొట్టం లాగుకుపోవడం లేదని చూసుకోండి. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకంటే తగ్గిన పాత డిస్కు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

బ్రేక్ ఆయిల్ రకాలకి డాట్ నంబర్లుంటాయి, వాటిలో డాట్ 5, డాట్ 5.1 రెండూ ఒకటే అనుకోకండి. డాట్ 5 సిలికోన్ రకం, 3, 4, 5.1 గ్లైకాల్ రకం. వీటిని కలపకూడదు. గ్లైకాల్ రకం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. పెట్రోలుతో బ్రేకు రబ్బర్లు కడిగితే అవి ఉబ్బి పాడవుతాయి.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. డ్రమ్ అయితే చక్రం తిప్పి, బ్రేకు పట్టి ఉంచి యాక్సిల్ బిగించండి, షూలు మధ్యకి సర్దుకుంటాయి. డ్రమ్ ప్లేటును ఫోర్కుకి కలిపే యాంకర్ బోల్టు ఊడితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం బిగుసుకుపోతుంది, దాన్ని రెండుసార్లు చూడండి. డిస్కు అయితే యాక్సిల్ నట్టు బిగించి, ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి పైకి నొక్కి, ఆ తర్వాతే ఫోర్క్ కాళ్ల కిందుండే బిగింపు బోల్టులు బిగించాలి. టార్క్ (బిగించే బలం) మాన్యువల్ చెప్పినంతే. మార్పుల మీద మీ ప్రాంతంలో నిబంధనలేంటో, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలో వద్దో కూడా ముందే కనుక్కోండి.

బండి కదలక ముందే లివర్ గట్టిపడేదాకా పంపు చేయండి. ప్యాడ్లు వెనక్కి నెట్టి ఉంటే మొదటి రెండుమూడు నొక్కులకి బ్రేకే ఉండదు. ఖాళీ చోట నడక వేగంతో మొదలుపెట్టి, తర్వాత గంటకి 50 కిలోమీటర్ల నుంచి 10 దాకా ఓ మోస్తరుగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు చేస్తే ప్యాడ్లు డిస్కుకి అలవాటవుతాయి. వేగం రెట్టింపైతే ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది కాబట్టి తొందరపడి వేగంతో పరీక్షలు చేయకండి. ఇంటికొచ్చాక స్పోకులు వదులయ్యాయేమో ఒక్కొక్కటీ తట్టి వినండి, ఫోర్క్ సీళ్ల కింద, వాషర్ల దగ్గర తెల్లకాగితంతో తుడిచి తడి ఉందేమో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక కోన్‌సెట్ బిగువుతో సహా ఇవన్నీ మరోసారి.