ఫ్రెంచ్ హార్న్: ఎలా ఎంచుకోవాలి, ఎలా సాధన చేయాలి?

గోదావరి డెల్టాలో పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళాల్లో ట్రంపెట్, యూఫోనియం వాయించేవారికి కొదవ లేదు. చర్చి ఆరాధనల్లో ఇత్తడి వాయిద్యాలు పట్టుకునే యువకులూ ఉన్నారు. వీరిలో ఎవరి మనసైనా గుండ్రంగా చుట్టలు తిరిగిన ఇత్తడి వాయిద్యం ఫ్రెంచ్ హార్న్ మీదికి మళ్లితే, ముందుగా గ్రహించవలసినది ఒకటుంది: ఈ వాయిద్యంలో వేళ్ల కన్నా చెవికీ పెదవులకూ పని ఎక్కువ. ఏది కొనాలి, రోజూ ఏ క్రమంలో సాధన చేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

కారణం గొట్టం పొడవులో ఉంది. చుట్టలన్నీ విప్పి కొలిస్తే ఎఫ్ శ్రుతి హార్న్ గొట్టం సుమారు 3.7 మీటర్లు ఉంటుంది. మామూలు ట్రంపెట్‌ది సుమారు 1.5 మీటర్లే. ఏ వాల్వూ (గొట్టంలో గాలి దారిని మార్చే బిరడా) నొక్కకుండా ఊదినా ఈ గొట్టంలో కింది నుంచి పైకి సా, పా, సా, అంతర గాంధారం, పా, కైశికి నిషాదానికి కొంచెం తక్కువగా ఒక స్వరం, మళ్లీ సా, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం వరుసగా పలుకుతాయి. శ్రుతి చక్కగా కలిసిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం వినిపించడానికీ ఈ వరుసే కారణం. ట్రంపెట్ ఎక్కువగా ఈ వరుసలో స్వరాలు దూరదూరంగా ఉన్న కింది భాగంలో పలుకుతుంది. హార్న్ మాత్రం అవి పక్కపక్కన చేరిపోయే పై భాగం దాకా పోతుంది కాబట్టి, పెదవి బిగువు రవ్వంత మారినా సా పలకవలసిన చోట రి పలుకుతుంది. 1814 ప్రాంతంలో జర్మనీలో వాల్వులు వచ్చేదాకా వాద్యకారులు ఈ సహజ స్వరాలతోనూ, బెల్లులో (గొట్టం చివరి వెడల్పాటి నోటిలో) ఉంచిన చేతి కదలికతోనూ సంగీతమంతా నడిపించారు.

మొదటి పని వాయిద్యాన్ని ఎంచుకోవడం. సింగిల్ హార్న్‌లో ఒకే గొట్టం, ఎఫ్ గానీ బి ఫ్లాట్ గానీ ఉంటుంది. తేలికగా ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలకు అది చాలు. డబుల్ హార్న్‌లో రెండు శ్రుతుల గొట్టాలూ ఉంటాయి, ఎడమచేతి బొటనవేలి మీటతో ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు. బి ఫ్లాట్ వైపు గొట్టం సుమారు 2.75 మీటర్లు, అంటే యూఫోనియం గొట్టమంత పొడవు. తార స్థాయిలో అది మరింత నమ్మకంగా పలుకుతుంది. హైస్కూలు వయసు దాటినవారు కొత్త సింగిల్ కొనడం కన్నా మంచి స్థితిలో ఉన్న పాత డబుల్ కొనడమే మేలని నా గట్టి అభిప్రాయం.

పాతది కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకూడదు. వాల్వు నొక్కకుండా దాని స్లైడును, అంటే లాగితే ఊడివచ్చే గొట్టం ముక్కను, మెల్లగా బయటికి లాగండి. చివరికి వచ్చేసరికి టప్పుమని శబ్దం వస్తే గాలి లీకు లేనట్టు, చప్పుడు లేకుండా జారి వస్తే వాల్వు అరిగినట్టు. తరువాత వాల్వు వెనుక మూత విప్పి, అక్కడ చెక్కిన గీతలు మీట నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఒకే వరుసలో కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే లోపలి కార్కో రబ్బరో మార్పిస్తే సరిపోతుంది, దానికి భయపడనక్కరలేదు. భయపడవలసింది మౌత్‌పీస్ (పెదవులకు ఆనించి ఊదే ముక్క) దూర్చే తొలి గొట్టం మీద లేత గులాబీ రంగు మచ్చలకు. ఇత్తడిలోని జింకు కరిగిపోయి లోపలి నుంచి గొట్టం తినేస్తున్నదనడానికి అవి గుర్తు. ఉక్కపోత, చెమట ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఈ పరీక్షను ఎప్పుడూ వదలకూడదు.

చాలా హార్న్‌లలో మీటలను వాల్వులకు కలిపేది సన్నని దారం. అది తెగితే పట్నానికి పరుగెత్తనవసరం లేదు. గాలాలు అమ్మే దుకాణంలో దొరికే అల్లిక దారం ఆ పనికి చక్కగా పనికివస్తుంది. పాత దారం విప్పే ముందు ముడి ఎలా చుట్టి ఉందో ఫోను కెమెరాతో ఫోటో తీసి ఉంచుకోండి.

మౌత్‌పీస్ విషయంలో పొదుపు చేయవద్దు. హార్న్ మౌత్‌పీస్ అంచు లోపలి వ్యాసం సుమారు 17 నుంచి 18 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, లోపలి భాగం గరాటులా లోతుగా ఉంటుంది. ట్రంపెట్‌ది గిన్నెలా ఉంటుంది కనుక ఒకటి మరొకదానికి పనికిరాదు. పై పెదవి మీద దాదాపు మూడింట రెండు వంతులు, కింది పెదవి మీద ఒక వంతు ఆనేలా పెట్టుకోవాలి. ట్రంపెట్ నుంచి వచ్చేవారికి ఈ మార్పు కొన్నాళ్లు ఇబ్బందిగానే ఉంటుంది, పైగా వాల్వులు ఎడమచేతికి మారతాయి. కుడిచేతి వేళ్లను ఎడం లేకుండా దగ్గరగా చేర్చి, కొద్దిగా దోసిలి వంచి, గాలికి అడ్డం రాకుండా బెల్లు గోడకు ఆనించాలి. చేయి మూసేకొద్దీ శ్రుతి తగ్గుతుందని మొదటి రోజే విని తెలుసుకోవాలి.

ఇక సాధన. హార్న్ ఎఫ్ అంటే మన లెక్కలో నాలుగు శ్రుతి. ఫోనులో తంబురా యాప్‌ను నాలుగు శ్రుతికి పెట్టి, మీ గొంతుకు వీలైన స్థాయిలో సా, పా, పై సా నిలకడగా పాడండి. పాడిన స్వరం చెవిలో ఉండగానే అదే స్వరాన్ని మౌత్‌పీస్ ఒక్కదానితో పెదవులు అదిరిస్తూ పలికించండి, ఆ తరువాతే హార్న్ ఎత్తండి. సరళీ వరుసలు నేర్చుకున్న పిల్లలకు ఇది సగం వచ్చిన విద్యే. వాల్వులు నొక్కకుండా సా నుంచి పా, పా నుంచి సా నాలుకతో విడగొట్టకుండా జారడం రోజూ చేయవలసిన పాఠం. అది కుదిరాకే గాంధారం చేర్చాలి. ఎంతసేపు వాయిస్తే అంతసేపు పెదవులకు విశ్రాంతి కూడా ఇవ్వాలి. పై స్వరం కోసం మౌత్‌పీస్‌ను పళ్లకేసి నొక్కితే ఆ రోజుకు స్వరం వస్తుంది, కానీ ఓర్పు ఎన్నటికీ పెరగదు. అలసిన పెదవులతో సాగించే సాధన తప్పునే అలవాటు చేస్తుంది కాబట్టి ఒకేసారి రెండు గంటలు కూర్చోవడం కన్నా ఉదయం కొంత, సాయంత్రం కొంత వాయించడం మంచిది.

చోటు కూడా ముఖ్యమే. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేదని కాలువ గట్టుకు పోతుంటారు. హార్న్ బెల్లు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి ఆరుబయట నాదం తిరిగి చెవికి రాదు, తెలియకుండానే బలవంతంగా ఊదుతారు. వెనుక రెండు మూడు అడుగుల దూరంలో గోడ ఉన్న గది చూసుకోండి.

తాపేశ్వరం కాజా తిన్నా, విందు భోజనం చేసినా నోరు పుక్కిలించకుండా ఊదవద్దు, ఆ చక్కెర గొట్టంలో పేరుకుంటుంది. వాయించాక నీరంతా ఒంపేయండి, వాల్వులకు ఆయిల్, స్లైడులకు గ్రీజు మరవకండి.

మన ప్రాంతంలో హార్న్ గురువు దొరకకపోతే, ఊపిరి నిలపడం, తాళం వంటివి బ్యాండు మాస్టరు గారి దగ్గర నేర్చుకుని, పెదవుల అమరిక కోసం ఆన్‌లైన్‌లో హార్న్ వాద్యకారుల పాఠాలు తీసుకోవచ్చు. ఒక్కో వాయిద్యం శ్రుతి వేరు కాబట్టి, ఇతరులతో కలిసి వాయించేటప్పుడు స్వరాల కాగితం మార్చి రాసుకోవాలి. ట్రంపెట్ కాగితంలో సా ఉన్న చోట హార్న్‌కు శుద్ధ మధ్యమం, చర్చి కీబోర్డు కాగితంలో సా ఉన్న చోట హార్న్‌కు పంచమం రాసుకుంటే అందరి శ్రుతీ కలుస్తుంది. మొదట్లో పల్లవి మాత్రం ఇలా రాసుకుని, కీబోర్డు వాయించేవారితో ఒక్కో పాదం నెమ్మదిగా సరిచూసుకోండి.