ఐస్ గడ్డలో బొమ్మలు పైకి తేలకుండా

ఐస్ గడ్డలో బొమ్మలు దాచి పిల్లలకిచ్చే ఆటలో ఒకటే చిక్కు. ప్లాస్టిక్ బొమ్మలు చాలావరకు నీటిపైకి తేలి ఒకే పొరలో గడ్డకడతాయి. చెన్నైలో కత్తిరి అనే మే నెల మండుటెండల్లో కాసేపటికే అన్నీ ఊడి చేతికొస్తాయి, ఆట అయిపోతుంది.

విడతలుగా గడ్డకట్టించాక ఆ బాధ తప్పింది. లీటరు ఐస్‌క్రీమ్ డబ్బాలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, రెండు బొమ్మలు, ఫ్రీజర్‌లో నాలుగైదు గంటలు. గట్టిపడ్డాక మళ్లీ అంతే నీళ్లు, ఇంకో రెండు బొమ్మలు. రెండోసారి పోసేవి ఫ్రిజ్‌లో చల్లబరిచిన నీళ్లే కావాలి. కుళాయి నీళ్లు పోస్తే కింది పొర పటపటా పగిలి, బొమ్మలు కదిలిపోతాయి. పైన వేలెడు ఖాళీ వదలండి. గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, నిండా పోసి మూత బిగిస్తే డబ్బా చీలుతుంది.

రంగుకి బీట్‌రూట్ రసం చాలు. పసుపు వద్దు, గౌను మీద మరక ఓ పట్టాన వదలదు.

డబ్బా బోర్లించి పైన కుళాయి నీళ్లు పోస్తే గడ్డ జారి వస్తుంది (మే నెలలో ట్యాంకు నీళ్లు ఎలాగూ వేడే). వెంటనే ఇస్తే వేళ్లకి అంటుకుంటుంది. పైన తడి మెరిసేదాకా ఆగాలి. తర్వాత నీడలో టబ్బు, కింద పాత తువ్వాలు, చెక్క గరిటె, గిన్నెడు గోరువెచ్చని నీళ్లు.

కల్లుప్పు చల్లితే గుంటలు పడి బావుంటుంది గానీ, ఉప్పు కలిసిన ఐస్ సున్నా కంటే కిందికి చల్లబడి లేత చర్మాన్ని కమిలిస్తుంది. పెద్ద పిల్లలకే, అదీ చెంచాతోనే.

మూడేళ్లలోపు వాళ్లకి ఐస్ ట్రేలో చేసిన చిన్న ముక్కలు అసలివ్వకండి, గొంతుకడ్డం పడతాయి. ఒకే పెద్ద గడ్డ, నోట్లో పట్టని బొమ్మలు, పక్కనే పెద్దవాళ్లు.