తోటలో కనిపించే హార్వెస్ట్‌మెన్ జాతులను గుర్తించే విధానం

దారాల వంటి పొడవైన కాళ్లు, వాటి నడుమ నేలకు తగలకుండా ఊగే చిన్న గుండ్రని శరీరం గల జీవి తోటలో కనిపిస్తే చాలామంది దానిని సాలీడు అనే అనుకుంటారు, కానీ అది హార్వెస్ట్‌మన్ కావచ్చు. హార్వెస్ట్‌మెన్ కూడా సాలీళ్లు, తేళ్లు ఉన్న అరాక్నిడా విభాగానికే చెందినా, వాటి క్రమం (ఆర్డర్) వేరు. దాని పేరు ఓపిలియోనిస్. ఈ క్రమంలో ఇంతవరకు 6,500కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. ఇన్ని జాతులలో కాళ్ల పొడవును, ఒంటి రంగును మాత్రమే చూసి పేరు చెప్పబోతే పొరపాటు తప్పదు, ఎందుకంటే ఒకే జాతిలోని ఆడ, మగ జీవులే రంగులోనూ మచ్చలలోనూ ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండవచ్చు. నిజంగా పనికివచ్చే ఆనవాళ్లు తల ముందు అంచు మీద, కంటి గుబ్బ మీద, నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే పెడిపాల్ప్‌ల మీద ఉంటాయి.

అన్నిటికంటే ముందు, చూస్తున్నది హార్వెస్ట్‌మన్ అవునో కాదో నిర్ధారించుకోవాలి. సాలీడు శరీరం సన్నని నడుముతో రెండు భాగాలుగా స్పష్టంగా విడిపోయి ఉంటుంది. హార్వెస్ట్‌మన్‌కు ఆ నడుము లేక, శరీరమంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. చాలా సాలీళ్లకు ఎనిమిది కళ్లుంటే, దీనికి సాధారణంగా రెండే, అవి కూడా వీపు ముందు భాగాన ఉన్న చిన్న గుబ్బకు చెరొక పక్కన ఉంటాయి. దీనికి పట్టు గ్రంథులు లేవు కనుక గూడు అల్లదు. అందువల్ల గూటిలో తలకిందులుగా వేలాడుతున్న పొడవు కాళ్ల జీవి ఫోల్కిడ్ కుటుంబపు సాలీడు అయి ఉండే అవకాశమే ఎక్కువ. విషగ్రంథులు కూడా లేవు, కాబట్టి దగ్గర నుండి పరిశీలించడానికి భయపడనవసరం లేదు.

భయపడవలసింది దాని కాళ్ల గురించే. కాలు పట్టుకుంటే ఆ కాలిని అక్కడే విడిచి పారిపోతుంది, అది మళ్లీ మొలవదు. ఈ కారణంగానే తోటలో ఆరు, ఏడు కాళ్లతో తిరిగేవి తరచు కనిపిస్తాయి. కాళ్ల లెక్క తగ్గినంత మాత్రాన దానిని కీటకమని తేల్చరాదు. పారదర్శకమైన చిన్న డబ్బాను దానిపై బోర్లించి, కింద నుండి మందపాటి కాగితాన్ని జరిపి పట్టుకోవడం ఉత్తమం. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో పరిశీలించి, పై నుండి, ముందు నుండి, పక్క నుండి, డబ్బా అడుగు గుండా పొట్ట వైపు నుండి ఫొటోలు తీయాలి. పై నుండి తీసిన ఒక్క ఫొటోతో పేరు అడిగేవారికి నమ్మదగిన జవాబు దొరకడం కష్టం.

పిల్ల జీవులకు పేరు పెట్టే ప్రయత్నాన్ని సాధారణంగా మానుకోవడమే మంచిది, ఎందుకంటే ముళ్లు, కొమ్ములు వంటి ఆనవాళ్లు ఎదిగిన వాటిలోనే పూర్తిగా ఏర్పడతాయి. సమశీతోష్ణ దేశాలలో ఎక్కువ జాతులు గుడ్ల రూపంలో చలికాలాన్ని గడిపి, వేసవి చివర నుండి శరదృతువు వరకు ఎదిగిన దశలో కనిపిస్తాయి. ఐరోపా తోటలో వసంతం ముగిసేలోగానే పూర్తిగా ఎదిగినది కనిపిస్తే, మొదట అనుమానించవలసిన జాతి రిలీనా ట్రయాంగులారిస్.

ఇప్పుడు తల ముందు అంచును చూడాలి. కళ్లకు ముందు, అంచు మధ్యన మూడు ముళ్లు త్రిశూలంలా ఉన్నాయా? అవి పెద్దవిగా, దాదాపు సమానంగా, ముందుకు పొడుచుకువచ్చి ఉండి, శరీరం బరువుగా, వీపు మీది జీను ఆకారపు ముదురు మచ్చ వెనుక కొసకు చేరకముందే అడ్డంగా కోసినట్లు ఆగిపోతే అది ఓడియెల్లస్ స్పైనోసస్. మూడూ చిన్నవిగా ఉండి నడిమిది కొద్దిగా పెద్దదైతే ఒలిగోలోఫస్ ట్రైడెన్స్ కావచ్చు. త్రిశూలం లేకుండా, అంచుకు దిగువన కెలిసెరాలకు (నోటి ముందు ఉండే కొండి వంటి అవయవాలకు) సరిగ్గా పైన రెండు చిన్న తెల్లని మొనలు కనిపిస్తే అది ఫాలాంజియం ఓపిలియో. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండాలలో విస్తారంగా ఉన్న ఈ జాతి పేనుబంకను, చిన్న గొంగళిపురుగులను తింటుంది గనుక తోటమాలికి మేలు చేసేదే. దీని పొట్ట వైపు తెల్లగా ఉంటుంది. ఎదిగిన మగదాని కెలిసెరాల మీద పైకి నిలిచే కొమ్ములుంటాయి, వాటిని ఒకసారి చూస్తే మరే జాతితోనూ పొరబడటం జరగదు.

కంటి గుబ్బ లీయోబ్యూనమ్ ప్రజాతిలో (జీనస్‌లో) బాగా ఉపయోగపడుతుంది. కళ్ల చుట్టూ వలయం నల్లగా ఉంటే లీయోబ్యూనమ్ రోటండమ్, తెల్లగా ఉంటే లీయోబ్యూనమ్ బ్లాక్‌వల్లి. రెండింటిలోనూ మగది గుండ్రంగా, మచ్చ లేకుండా ఉంటుంది, ఆడదానికి వీపు మీద ముదురు మచ్చ ఉంటుంది. మచ్చను నమ్ముకున్నవారు ఒకే జాతి ఆడ, మగలను వేర్వేరు జాతులుగా రాసుకునే ప్రమాదం ఉంది.

పెడిపాల్ప్‌లు పంగల కర్రలా చీలి ఉండి, గోడ మీద వాలినప్పుడు కాళ్లన్నిటినీ రెండు పక్కలకు కట్టగా చాచుకుంటే అది డిక్రానోపాల్పస్. అయితే రామోసస్, కాడేటస్ అనే రెండు జాతులు దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, సూక్ష్మదర్శిని లేనివారు ప్రజాతి పేరుతో ఆగడం నిజాయితీ.

రాలిన ఆకుల కింద వెతికితే పొట్టి కాళ్లవి కూడా దొరుకుతాయి. నల్లని చిన్న శరీరం మీద రెండు తెల్లని మచ్చలున్నది నెమాస్టోమా. బల్లపరుపుగా, ఒంటినిండా మట్టి అంటుకుని, కదలకుండా పడి ఉండేది నత్తలను తినే ట్రోగులస్.

ఉష్ణమండల తోటలలో పై ఆనవాళ్లు అంతగా సరిపోవు. అక్కడ పెడిపాల్ప్‌లు బలంగా, ముళ్లతో ఉంటే లానియాటోరెస్ ఉపక్రమమనీ, కాళ్లు అతిసన్నగా, పొడవుగా ఉండి వీపు మీద నిటారుగా ముల్లు నిలిచి ఉంటే దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ విరివిగా కనిపించే గాగ్రెల్లా, దాని సమీప ప్రజాతుల బృందమనీ రాసుకోవచ్చు. అంతకు మించి జాతిని తేల్చాలంటే మగదాని జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించవలసి ఉంటుంది.