ప్రయాణ ఫొటోగ్రఫీ, 5వ పాఠం: లువాంగ్ ప్రబాంగ్ వేకువలో కాషాయం

ఈసారి మెకాంగ్ నది మీద సూర్యాస్తమయం చెప్పుకోవాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ పట్టణంలో కాషాయం కట్టిన బౌద్ధ భిక్షువులు వేకువనే వరుసగా భిక్షకు నడుస్తారు. అక్కడికి వెళ్లి వచ్చినవారు పంపిన ఆ భిక్షాటన ఫొటోలు చూశాక ముందుకు సాగబుద్ధి కాలేదు. దాదాపు అన్నింటిలోనూ ఒకటే దోషం. భిక్షువు భుజం మీది వస్త్రం మడతలు పోయి, నారింజ రంగు అట్టముక్కలా కనిపిస్తోంది.

పోయినసారి నేను చెప్పింది తెల్లని గుడి గోడ గురించి. కెమెరా దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి తీసుకునే వెలుతురు, ఒక మెట్టు (రెట్టింపు) పెంచమన్నాను. చీకటికి ఏం చేయాలో మీకే తోస్తుందనుకుని వదిలేశాను. అది నా పొరపాటు. చీకటిగా ఉంది కదా అని మీరూ పెంచారు. కానీ అది తెల్లవారుజామని కెమెరాకు తెలియదు. ఎదుట ఏమున్నా మధ్యరకం వెలుతురుకు తేవాలని చూస్తుంది. చీకటి వీధిని అది అప్పటికే అవసరానికి మించి వెలిగించింది, దాని మీద మీరు మరో మెట్టు ఎక్కించారు. వేకువ వీధికి తగ్గించాలి. నేను సగటున ఒక మెట్టు తగ్గిస్తాను.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఎరుపు. ప్రతి రంగునూ కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా రాసుకుంటుంది. కాషాయంలో ఎరుపు పాలే ఎక్కువ. పసుపు వీధిదీపాల కింద అది ఇంకా పెరుగుతుంది. మొత్తం వెలుతురు చూపించే హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు వరకు ఫొటోలో ఏది ఎంత ఉందో చూపే గ్రాఫ్) చక్కగా మధ్యలోనే ఉంటుంది, మీరు నిశ్చింతగా ఉంటారు. ఆ లోపల ఎరుపు ఒక్కటే కుడి అంచుకు కొట్టుకుని నిండిపోయి ఉంటుంది. నిండిన గిన్నెలో ఇంకెంత పోసినా మట్టం మారదు. మడత పైభాగానికీ లోపలి నీడకూ ఎరుపులో తేడా నమోదు కాలేదంటే ఆ మడత సగం పోయినట్టే. తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు దించితే ముదురు అట్టముక్క వస్తుంది తప్ప మడత తిరిగి రాదు. కెమెరా నమోదు చేసినదంతా కుదించకుండా దాచే రా ఫైలులో కొంత దక్కవచ్చు, మామూలు జేపెగ్‌లో ఆశ వదులుకోండి. కాబట్టి మూడు రంగులనూ విడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీత ఒక్కటే చూడండి. ఫోనులో అయితే వస్త్రం మీద వేలు నొక్కిపట్టి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి. నైట్ మోడ్ ఆపేయండి. నడిచే మనుషులను అది అలికేస్తుంది.

షట్టర్ వేగం సెకనులో 125వ వంతుకు తగ్గనివ్వకండి. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 వరకు వెళ్లినా ఫరవాలేదు. ఫొటోలో గరుకుతనాన్ని భరించవచ్చు, కదిలిన ముఖాన్ని భరించలేం. నేను 35 ఎంఎం లెన్స్‌తో వీధికి అవతలి వైపున ఉండిపోతాను. మోకరిల్లిన మనుషులు, వెదురు బుట్టల్లోని జిగురన్నం, వరుసగా కదిలే భిక్షాపాత్రలు, అన్నీ ఒక్క ఫ్రేములో ఒదుగుతాయి. వరుసకు అడ్డం వెళ్లకూడదనీ, ఫ్లాష్ వాడకూడదనీ మీకు తెలుసు. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న దీపాన్ని కూడా ఆపండి, చాలామంది మరిచిపోతున్నారు.

వాట్ సియెంగ్ థాంగ్ ఆలయం వెనుక గోడ మీద ఎర్రని నేపథ్యంలో అద్దపు ముక్కలతో చేసిన చెట్టు ఉంది. అక్కడా ఇదే మందు.

క్వాంగ్ సీ జలపాతం దగ్గర మరో రకంగా తడబడ్డారు. నురుగు తెల్లగా ఉందని పెంచారు. ఫ్రేములో ఎక్కువ భాగం ఏముందో చూడండి. అక్కడ నురుగు కొంచెం, చుట్టూ నల్లని అడవి. తగ్గించాలి. సున్నపురాయి వల్ల వచ్చిన ఆ లేత నీలం కూడా అప్పుడే దక్కుతుంది.

అభ్యాసం: ఏడు రోజులు, సూర్యోదయానికి ముందు. ఇంటి ముందు వీధిదీపం కింద ఒక నారింజ బంతిపూల దండ వేలాడదీయండి. ఎక్స్‌పోజర్‌ను సున్నా నుంచి రెండు మెట్ల కిందికి, మెట్టులో మూడో వంతు చొప్పున తగ్గిస్తూ ఏడు ఫొటోలు తీయండి. రేకు అంచులు విడివిడిగా లెక్కపెట్టగలిగిన మొదటి ఫొటో ఏదో రోజూ రాసుకోండి. చివరి రెండు రోజులు ఆ దండను ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి నడిపించండి.