35 దాటాక కాన్పా? పుట్టింటికి బయలుదేరే ముందు

మొన్న బెంగళూరులో మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయికి సీమంతం చేశారు. 37 ఏళ్ళు, తొలిచూలు. వచ్చిన పెద్దవాళ్ళంతా స్కాన్ బాగుందా, బిడ్డ బరువెంత అని అడిగారు. నీ బీపీ ఎంతమ్మా అని ఒక్కరూ అడగలేదు.

తల్లి ప్రాణానికి ముప్పు అన్నిటికన్నా తక్కువ ఇరవైల్లోనే. ఇరవై లోపు కాస్త ఎక్కువ. 35 దాటాక పెరుగుతుంది, 40 దాటితే మరీ ఎక్కువ. అలాగని హడలిపోనక్కర్లేదు. 2018-20 ప్రభుత్వ లెక్కల్లో పుట్టిన ప్రతి లక్ష మంది పిల్లలకు కర్ణాటకలో 69 మంది తల్లులు చనిపోయారు, ఆంధ్రలో 45 మంది. అంటే కాన్పుకి ఊరెళ్ళడం తప్పేమీ కాదు. ఇక్కడి డాక్టరుకు తెలిసిన సంగతి అక్కడి డాక్టరుకు చేరకపోవడమే నాకు భయం.

అందుకే ఏడో నెలలో బండెక్కే ముందు ఫైలు మొత్తం సర్దుకోండి. బీపీ రీడింగులు, హిమోగ్లోబిన్, షుగర్ టెస్టు, బ్లడ్ గ్రూపు, మాయ ఎక్కడుందో చెప్పే స్కాన్ అన్నీ అందులో ఉండాలి. ముందు సిజేరియన్ అయినవాళ్ళకి మాయ ఆ పాత కుట్ల మీదే అతుక్కుంటే కాన్పులో విపరీతంగా రక్తం పోవచ్చు. అలాంటప్పుడు రక్తం, ఐసీయూ రెండూ ఉన్న ఆసుపత్రినే చూసుకోవాలి, ఇంటికి దగ్గరని చిన్న నర్సింగ్ హోమ్ వద్దు. బీపీ 140/90 చేరిందంటే ప్రయాణం ఆపి ముందు డాక్టరుకు చూపించండి. ఇప్పుడిప్పుడే నెల తప్పినవాళ్ళయితే, బీపీ చిక్కులు రాకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అని నాలుగో నెల నిండకముందే డాక్టర్ని అడగండి. సొంతంగా మాత్రం వేసుకోకండి.

మా వీధి చివర కడుతున్న బిల్డింగులో పాలమూరు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది, పంతొమ్మిదేళ్ళు. ఆమెకి సీమంతం చేసేవాళ్ళు లేరు. ఆ వయసులో పెద్ద చిక్కు రక్తం తక్కువ కావడం. మీకు ఇలాంటివాళ్ళు తెలిసుంటే ఆశా కార్యకర్తతో చెప్పి తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఇప్పించండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు ఉచితంగా చూస్తారు.

కాన్పయ్యాక మన ఇళ్ళల్లో బాలింతకు నీళ్ళు తగ్గించి, మంచం దిగనివ్వరు. ఇది నాకు అస్సలు నచ్చదు. పెద్ద వయసులో, అందులోనూ సిజేరియన్ అయితే, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. నీళ్ళు తాగనివ్వండి, డాక్టరు చెప్పినట్టు నడిపించండి. ఒక పిక్క మాత్రమే వాచినా, ఆయాసం వచ్చినా, గంటలోపే ప్యాడ్ తడిసిపోతున్నా 108కి ఫోన్ చేయండి. బీపీ కాన్పయిన ఆరు వారాల వరకూ పెరగొచ్చు. కళ్ళు మసకబారి, తల పగిలిపోతోందని బాలింత అంటే, నిద్రలేక అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెట్టకండి.