గొయ్యి పొడిగా ఉందని దిగకండి: ఏటి మెరక ఎర్రమట్టిలో తవ్వేవాళ్ళకి జాగ్రత్తలు

పోయిన వారం మా పక్క ఊళ్ళో మురుగు పైపు కోసం తవ్విన ట్రెంచ్ కూలి ఒకాయన పోయాడు, ఇంకొకాయన్ని నడుం దాకా మట్టి పట్టేస్తే గంటన్నర తర్వాత బయటికి తీశారు. లోతు ఎంతో తెలుసా, ఏడడుగులు. బావి కాదు, క్వారీ కాదు, ఇంటి ముందు పైపు గొయ్యి. నేను 20 ఏళ్ళుగా పైప్‌లైన్ పనులు చేయిస్తున్నా కాబట్టి మనసాగక సాయంత్రం వెళ్ళి చూశా. ముందురోజు రాత్రి గట్టి వాన పడిందంట. పొద్దున్నే చూస్తే గోతిలో చుక్క నీళ్ళు లేవంట. అదే వాళ్ళ కొంప ముంచింది.

హెల్మెట్ పెట్టుకోండి, తాగి దిగకండి, రాత్రిళ్ళు చుట్టూ రిబ్బన్ కట్టండి, ఇవన్నీ మీకు తెలిసినవే, నేను మళ్ళీ చెప్పను. రోహిణి ఎండలు అయిపోతున్నాయి, మృగశిర వానలు మొదలవుతాయి, ఆ లోపు పని తేల్చేద్దాం అని అందరూ ఒకేసారి జేసీబీలు దింపుతారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఈ మట్టి సంగతి

తాండవ, శారద, ఏలేరు, నాగావళి, వంశధార, ఏ ఏరైనా తీసుకోండి, ఏటి గట్టు దాటాక పల్లపు పొలం, దాని పైన మెట్టు కట్టినట్టు ఓ చదును జాగా ఉంటుంది. ఎప్పుడో పాతకాలంలో ఏరు ఆ ఎత్తున పారినప్పుడు పోసిపోయిన మట్టి అది. తర్వాత ఏరు కిందికి కోసుకుంటూ పోయింది, ఇది పైన మెరకగా మిగిలిపోయింది. వరద దాదాపు ఎక్కదు, నీరు నిలవదు, అందుకే పాత ఊళ్ళు అక్కడే, ఇప్పటి లేఔట్లూ అక్కడే.

తవ్వితే చాలాచోట్ల ఇలా కనిపిస్తుంది. పైన జానెడు ఇసుక కలిసిన గోధుమరంగు మట్టి, పార ఇట్టే దిగుతుంది. దాని కింద ఎర్రటి బంకమట్టి, రెండు మూడు అడుగుల నుంచి ఒక్కోచోట ఐదారు అడుగుల దాకా. ఈ బంకమట్టి పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని విరిచి చూడండి, మూలలున్న ముక్కలుగా విరుగుతుంది, విరిగిన ముఖం మీద మైనం రాసినట్టు సన్నటి మెరుపు ఉంటుంది. ఏళ్ళ తరబడి పైనుంచి నీళ్ళతో పాటు దిగిన బంక ఆ సందుల్లో పూత పట్టడం వల్ల వచ్చే మెరుపు అది. అంటే ఏంటి, నీళ్ళు ఆ సందుల్లోంచి వెళ్తున్నాయని మట్టే మీకు చెప్తోంది. ఈ మెరుపు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

రంగు కూడా చూడండి. లోతు దాకా ఎరుపు ఎరుపుగానే ఉంటే లోపలికి గాలి ఆడుతోంది, నీరు ఎక్కువ రోజులు ఆగట్లేదు అని. బూడిదరంగు మచ్చలు కనపడితే ఆ లోతులో ఏడాదిలో కొన్నాళ్ళు నీరు నిలుస్తోందని లెక్క. తడిపి బొటనవేలికి చూపుడువేలికి మధ్య రిబ్బన్‌లా నొక్కుతూ పోతే రెండంగుళాలు దాటినా తెగకపోతే అసలైన బంకమట్టే.

ఇంకా కిందికి పోతే బంక తగ్గుతుంది, ఇసుక పెరుగుతుంది, అభ్రకం తళుకులు కనిపిస్తాయి, అక్కడక్కడా గుండ్రటి ఏటిరాళ్ళు తగుల్తాయి. పైన గట్టి మట్టి, కింద ఏటి ఇసుక. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ఇసుక మీద ఇటుక గోడ కట్టి పక్కనుంచి ఇసుక లాగేస్తే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు.

అందరూ చేసే ఆ ఒక్క తప్పు

నల్లరేగడి అంటే అందరికీ భయం, వానొస్తే ఉబ్బుతుంది ఎండొస్తే నోరు తెరుస్తుంది అని ముందే జాగ్రత్త పడతారు. ఈ ఎర్రమట్టి అలా ఉబ్బదు, జేసీబీ బకెట్‌తో కోస్తే జున్నుముక్క కోసినట్టు నిలువుగా నిలబడుతుంది, వాన పడితే పొద్దున్నకి ఆరిపోతుంది. మంచి మట్టి అని పేరు. పంటకి మంచిదే, పునాదికీ పర్లేదు. గోతిలో దిగిన మనిషికి మాత్రం ఆ మంచితనమే మోసం.

వాన పడిన మర్నాడు గోతిలో నీళ్ళు లేకపోతే ఆ నీళ్ళు ఎటు పోయాయి? ఆవిరైపోలేదు కదా ఒక్క రాత్రిలో. గోడ వెనకాల ఉన్నాయి. రోహిణి ఎండకి పడిన బీటల్లో, వేళ్ళు కుళ్ళిన కన్నాల్లో, చీమల పుట్టల్లో, ఇందాక చెప్పిన ఆ మెరిసే సందుల్లో దిగి, బంకకీ ఇసుకకీ మధ్య పేరుకుని, అక్కణ్ణించి గోడని మీ వైపు తోస్తున్నాయి. పైకి కనపడేది పొడి ముఖం. "నీరు నిలవని నేల" అంటే నీరు పట్టని నేల అని కాదు, లోపలికి తీసుకునే నేల అని. మళ్ళీ చెప్తున్నా, గొయ్యి పొడిగా ఉంటే నీళ్ళు పోయినట్టు కాదు, గోడలోకి వెళ్ళినట్టు.

పదేళ్ళ కిందట నా సొంత సైట్‌లోనే ఇది జరిగింది, సిగ్గుపడుతూ చెప్తున్నా. ఎనిమిదడుగుల ట్రెంచ్, మూడు రోజులు రాయిలా నిలబడింది. నాలుగో రోజు పొద్దున మేస్త్రి "పొడిగానే ఉంది బాబూ, మట్టి బండరాయిలా ఉంది, దిగిపోనా" అన్నాడు, నేను ఫోన్లో "సరే కానీ" అన్నా. అదృష్టం బాగుండి వాళ్ళు టీకి పైకొచ్చినప్పుడు పన్నెండడుగుల పొడవున గోడ ఒక్క పలకలా జారింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు, గోనెసంచి కింద పెట్టినట్టు ఒక దబ్బు. మూడు రోజులు నిలబడింది కదా అనేదానికి విలువ లేదని ఆ రోజు తెలిసింది. చిన్నప్పుడు తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్ళు కట్టాం కదా, తడి సరిపడా ఉన్నంతసేపే నిలబడతాయి, ఎండ తగిలినా కూలతాయి, అల తగిలినా కూలతాయి. బంకమట్టి గోడకి టైం కాస్త ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

తవ్వేటప్పుడు

ఐదడుగులు దాటిందా, షోరింగ్ (గోడలు కూలకుండా చెక్కలూ బాదులూ ఆనించి బిగించడం) లేకుండా మనిషి దిగకూడదు. తవ్వకాల భద్రతకి ఐఎస్ 3764 అని ఒక కోడ్ ఉంది, టెండర్ కాగితాల్లో ఆ నంబర్ ఉంటుంది, సైట్‌లో ఎవడూ తెరిచి చూడడు. షోరింగ్ బదులు వాలు తీస్తామంటే సరే, కానీ లెక్క వేసుకోండి, అడుగు లోతుకి రెండు పక్కలా అడుగు చొప్పున వాలు అంటే, కింద రెండడుగుల వెడల్పుతో ఆరడుగుల లోతు గొయ్యికి పైన పద్నాలుగు అడుగులు కావాలి. సందులో అంత జాగా ఎక్కడిది, కాబట్టి చెక్కలు, సరుగుడు బాదులు, జాకీలు తప్పవు. పైనుంచి కిందికి బిగించుకుంటూ దిగాలి, తీసేటప్పుడు కిందనుంచి పైకి.

తవ్విన మట్టి అంచున పోయొద్దు. బరువు ఒక కారణం, క్యూబిక్ మీటర్ మట్టి టన్నున్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది. కానీ నాకు ఇంకో కారణం పెద్దది. కూలబోయే గోడకి ముందు పైన నేల మీద ట్రెంచ్‌కి సమాంతరంగా సన్నటి బీట వస్తుంది, అది సాధారణంగా అంచు నుంచి లోతులో సగం నుంచి ముప్పాతిక దూరంలో పడుతుంది, అంటే ఎనిమిదడుగుల గొయ్యికి నాలుగు నుంచి ఆరడుగుల దూరంలో. మనం మట్టి కుప్ప పోసేది సరిగ్గా ఎక్కడ? అక్కడే. ఉన్న ఒక్క హెచ్చరికనీ మన చేత్తో మనమే కప్పేస్తున్నాం.

ఇంక వరసగా చెప్తా, ఏది ముందు ఏది వెనక అని చూడకండి.

వాన పడిన రాత్రి తర్వాత పొద్దున్నే ఎవరూ దిగొద్దు, ముందు పైన బీటలు చూడాలి, కుప్ప ఉంటే జరిపి మరీ చూడాలి.

గోడ ముఖంలోంచి ఇసుక సన్నగా రాలుతుంటే, చిన్న చిన్న పెళ్ళలు టపటపా పడుతుంటే, పని ఆపి పైకి రండి. కారణం తర్వాత వెతకొచ్చు.

గోడ మధ్యలో ఒక గీతలా తడి కనిపిస్తే అదే బంకకీ ఇసుకకీ అతుకు, అక్కడే తెగుతుంది.

పక్కన పాత పైప్‌లైన్ గొయ్యి, పూడ్చిన బావి, పాత సెప్టిక్ ట్యాంక్ ఉన్నాయేమో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా తవ్వని మట్టితో సమానం కాదు.

నిచ్చెన వేయండి. పాతిక అడుగులకి ఒకటి. తాడు నిచ్చెన కాదు.

జేసీబీ అంచు దగ్గర నిలబెట్టొద్దు, ఇంజన్ ఆఫ్ చేసి ఉన్నా సరే.

మెయిన్ రోడ్ పక్కన అయితే లారీల అదురుకి గోడ వదులవుతుంది, రోజుకి రెండుసార్లు చూడండి.

ఒంటరిగా దిగొద్దు. పైన ఒకడు ఉండాలి, వాడి చేతిలో సెల్ ఉండొద్దు.

గోతిలో కూర్చుని అన్నం తినొద్దు. నీడగా ఉందని తింటారు, చూశాను.

"ఐదు నిమిషాల పనే" అన్నవాణ్ణి అస్సలు దింపొద్దు.

పొడిగా ఉంది కదా అన్నవాణ్ణి అంతకన్నా దింపొద్దు. ఇది మూడోసారి చెప్తున్నా, చిరాకు పడితే పడండి.

కూలిందా, వెంటనే ఇంకొకడు దూకొద్దు. మొదటి పెళ్ళ పడిన చోట వెనక గోడ ఇంకా నిలువుగా, ఆధారం లేకుండా ఉంటుంది, రెండో పెళ్ళ కాపాడటానికి వెళ్ళినవాడి మీదే పడుతుంది. జేసీబీతో తవ్వి తీద్దాం అనుకోవద్దు, బకెట్‌కి మనిషి ఎక్కడున్నాడో తెలీదు. చేతులు పట్టుకుని లాగొద్దు, నడుం దాకా పట్టేసిన మట్టి వదలదు, కీళ్ళు ఊడతాయి. 101కి, 108కి చెరో ఫోన్ చెరో మనిషి చేయండి. ఈలోపు నిలబడి ఉన్న గోడకి చెక్కలు అడ్డం కొట్టండి, ఆ తర్వాతే చిన్న పారలతో, దగ్గరికొచ్చాక చేతులతో, ముందు ముఖం, తర్వాత ఛాతీ. ఛాతీ చుట్టూ మట్టి ఉంటే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ సందు మట్టే నింపేస్తుంది, మళ్ళీ పీల్చుకోడానికి చోటు ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. బయటికొచ్చినవాడు "నాకేం కాలేదు" అని లేచి నడిచినా ఇంటికి పంపొద్దు, గంటలతరబడి నలిగిన కాళ్ళలోంచి విషం రక్తంలోకి వెళ్ళి కిడ్నీలు దెబ్బతింటాయి, ఆసుపత్రికే.

రేపు సైట్ ఉన్నవాళ్ళు ఈ రాత్రే మేస్త్రికి ఫోన్ చేయండి, పొద్దున మీరు వచ్చి పైన బీటలు చూసేదాకా ఎవర్నీ దింపొద్దని.