యుద్ధ విమాన సిమ్యులేటర్ పాఠాలు – 5: ట్రిమ్ ఎంతవరకు నిజం?

గత పాఠంలో థ్రాటిల్‌నీ (ఇంజన్ పవర్ మార్చే లివర్) ప్రొపెల్లర్ పిచ్‌నీ (పంకా రెక్కల కోణం) కలిపి వాడటం చూశాం. ఆ అభ్యాసం చేసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. పవర్ మార్చిన ప్రతిసారీ విమానం ముక్కు పైకో కిందికో పోతుంది, పైగా ఒక పక్కకు లాగుతుంది. అలా లాగుతున్న విమానాన్ని స్టిక్‌తో పట్టి ఉంచుతూ ఎంతసేపని ఎగురుతాం? చెయ్యి అలసిపోతుంది, గురి నిలవదు. ఆ భారాన్ని చేతి మీద నుంచి తీసేయడానికే ట్రిమ్ ఉంది. విమానాన్ని తిప్పడానికి కాదు. ఈ పాఠం మొత్తానికీ ఇదే ఆధారం.

స్పిట్‌ఫైర్, మస్టాంగ్ లాంటి రెండో ప్రపంచ యుద్ధపు విమానాల్లో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేందుకు తోక దగ్గర కదిలే పలక) వెనక అంచున ట్యాబ్ అనే చిన్న పలక ఉంటుంది. ముక్కు పైకి ట్రిమ్ చేస్తే ట్యాబ్ కిందికి వంగుతుంది. దాని మీద గాలి తగిలి ఎలివేటర్‌ని పైకి నెడుతుంది. అంటే అంతవరకు మీ చెయ్యి చేస్తున్న పనిని ఇప్పుడు గాలి చేస్తుంది. అసలు విమానంలో పైలట్ స్టిక్‌ని కాస్త వెనక్కి లాగి పట్టుకుని ట్రిమ్ చక్రం తిప్పుతుంటే, అరచేతిలో బరువు మెల్లగా తగ్గిపోతుంది. స్టిక్ మాత్రం లాగిన చోటే ఉంటుంది.

మన స్ప్రింగ్ జాయ్‌స్టిక్‌లో అలా జరగదు. ట్రిమ్ ఎంత తిప్పినా స్ప్రింగ్ మధ్యలోకే లాగుతుంది. అందుకని ఇక్కడ పని రెండింతలు: ఒక చేత్తో ట్రిమ్ పెంచుతూ, రెండో చేత్తో స్టిక్‌ని అంతే నెమ్మదిగా మధ్యకు వదలాలి. ఈ రెండూ జత కుదరకపోతే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. కొత్తవాళ్లు ట్రిమ్ పనిచేయట్లేదని విసుక్కునేది ఎక్కువగా ఇక్కడే. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (లోపలి మోటార్లతో చేతికి బరువు తెలిపే ఏర్పాటు) ఉన్న స్టిక్‌లో, సిమ్యులేటర్ దాన్ని సరిగ్గా వాడుకుంటే, స్టిక్ మధ్యస్థానమే జరుగుతుంది కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

జర్మన్ల మెస్సర్‌ష్మిట్ బీఎఫ్ 109 దగ్గరికొస్తే కథ మారుతుంది. దానిలో కాక్‌పిట్ నుంచి కదిలే ట్యాబ్ లేదు. పైలట్ ఎడమ పక్కన ఉన్న చక్రం తిప్పితే తోక మీది అడ్డ రెక్క మొత్తం కోణం మార్చుకుంటుంది. రెక్కే ఆ పని చేస్తుంది కాబట్టి ఎలివేటర్‌ని అంతగా వంచి ఉంచాల్సిన అవసరం తగ్గుతుంది, స్టిక్ మధ్య వైపు తిరిగొస్తుంది. మన స్ప్రింగ్ జాయ్‌స్టిక్ ప్రవర్తన స్పిట్‌ఫైర్ కంటే 109కే దగ్గరగా ఉంటుందన్నమాట. ట్రిమ్ నేర్చుకోవడం 109తో మొదలుపెట్టమని నేను చెప్పేది అందుకే. ఫొకె-వుల్ఫ్ 190 కూడా ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ చక్రం బదులు కరెంటు స్విచ్.

మీ సిమ్యులేటర్ ఎంత నిజాయితీగా ఉందో నేల మీదే పరీక్షించొచ్చు. స్పిట్‌ఫైర్‌ని ఇంజన్ ఆపి నిలబెట్టండి. బయటి కెమెరాలో తోక దగ్గరికి వెళ్లి, జాయ్‌స్టిక్ ముట్టుకోకుండా ట్రిమ్ చక్రం చివరిదాకా తిప్పండి. గాలి లేదు కాబట్టి ట్యాబ్ ఒక్కటే కదలాలి, ఎలివేటర్ కదలకూడదు. ఎలివేటర్ కూడా కదిలితే, ఆ ప్రోగ్రాం ట్రిమ్‌ని స్టిక్ కదలికకు కలిపి లెక్కేస్తోందని అర్థం. స్ప్రింగ్ స్టిక్ కోసం చేసిన సర్దుబాటు అది. దాన్ని తప్పనను. కానీ ఆ లెక్కలో స్టిక్ పూర్తిగా లాగాక కూడా ట్రిమ్‌తో ఎలివేటర్ ఇంకా పైకి పోతుంటే మాత్రం అది నిజం కాదు. అసలు విమానంలో ఎలివేటర్‌కి ఒక హద్దు ఉంటుంది, ట్యాబ్ దాన్ని దాటించలేదు. తక్కువ వేగంలో ట్రిమ్ తిప్పి స్పిట్‌ఫైర్ మలుపును ఇంకా బిగించగలుగుతున్నారంటే, అది సిమ్యులేటర్ ఇచ్చిన ఉచిత బహుమతి.

ఎక్కువ వేగంలో విషయం వేరు. అక్కడ అడ్డొచ్చేది ఎలివేటర్ హద్దు కాదు, పైలట్ భుజబలం. 109 నిటారుగా డైవ్ చేస్తూ వేగం పుంజుకుంటే స్టిక్ రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు తోక రెక్క చక్రాన్ని వాడటం నిజంగానే పనికొచ్చేది. కానీ కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే ముక్కు విరుచుకుని పైకి లేస్తుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి.

ట్రిమ్‌ని స్లైడర్‌కి కేటాయించకండి. రెప్పపాటులో ఈ చివర నుంచి ఆ చివరకు పోయే ట్రిమ్ ఏ పైలట్‌కీ లేదు. చక్రం తిప్పాలంటే అతను థ్రాటిల్ మీది ఎడమ చెయ్యి తీయాలి, డాగ్‌ఫైట్ (దగ్గరి నుంచి జరిగే విమానాల పోరు) మధ్యలో అది అంత తేలిక కాదు. బటన్లు గానీ, ఆగకుండా తిరిగే నాబ్ గానీ పెట్టుకోండి.

ఇక రడ్డర్ (కాలి పెడల్స్‌తో ముక్కును కుడి ఎడమలకు తిప్పే నిలువు పలక) ట్రిమ్ సంగతి క్లుప్తంగా. మెర్లిన్ ఇంజన్ స్పిట్‌ఫైర్‌లో టేకాఫ్‌కి అది పూర్తిగా కుడికి. గ్రిఫాన్ ఇంజన్ ఎదురు దిశలో తిరుగుతుంది కాబట్టి ఎడమకి. 109లో కాక్‌పిట్ నుంచి రడ్డర్ ట్రిమ్ లేనే లేదు, అక్కడ కాలే దిక్కు. ఐలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చేందుకు రెక్కల మీద ఉండే పలక) ట్రిమ్ మస్టాంగ్‌లో ఉంది, స్పిట్‌ఫైర్ కాక్‌పిట్‌లో లేదు.

ఇక అభ్యాసం. 109లో 2000 మీటర్ల ఎత్తుకి వెళ్లి, పవర్ ఒకచోట పెట్టి, స్టిక్‌తో విమానాన్ని సమంగా పట్టుకోండి. వేగం నిలకడ అయ్యేదాకా ట్రిమ్ జోలికి పోవద్దు, లేదంటే సూది వెనక పరుగెత్తడమే అవుతుంది. తర్వాత ట్రిమ్ తిప్పుతూ స్టిక్ వదలండి. ఎత్తు సూది కదలకుండా ఉంటే కుదిరినట్టే. ఇప్పుడు ట్రిమ్ ముట్టుకోకుండా థ్రాటిల్ పెంచి చూడండి. వేగం పెరగడానికి బదులు విమానం ఎక్కువగా పైకి ఎక్కుతుంది, ఎందుకంటే ట్రిమ్ కుదిరేది ఒక వేగానికి. ఇదే పోరాటంలో దెబ్బతీస్తుంది: నెమ్మదిగా ఎగిరేటప్పటి ట్రిమ్‌తో శత్రువు మీదికి డైవ్ చేస్తే, సరిగ్గా కాల్చే వేళకి ముక్కు పైకి తేలి తూటాలు అతని తల మీదుగా పోతాయి. అందుకని దాడికి ముందే, కాల్చబోయే వేగానికి తగ్గట్టు ముక్కు కాస్త కిందికి మొగ్గేలా ట్రిమ్ చేసుకోండి. ఇది కుదిరాక స్పిట్‌ఫైర్‌లో మళ్లీ చేయండి. వచ్చే పాఠంలో ఇదే ట్రిమ్‌తో డైవ్ చేసి, లక్ష్యం మీద గురి నిలపడం చూద్దాం.